మా పడమటి చేను చెప్పిన సంగతి

దర్శి దగ్గర, సెప్టెంబరు 28

ప్రియమైన శ్రీనివాసుకు,

నీ ఉత్తరం అంది నెల దాటినా జవాబు రాయలేకపోయాను, మన్నించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పిల్లవాడు ఇంటరులో చేరాడు. మిగిలిన కబుర్లు తరువాత. పడమటి చేను సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆ నాలుగెకరాలు కాలిబాటకు అటూ ఇటూ రెండు చెక్కలని నీకు తెలుసు. ఆగస్టు మొదటి వారంలో రెండు చెక్కల్లోనూ ఒకే రకం పత్తి గింజలు ఒకే రోజు పెట్టించాను. ఉత్తరపు చెక్కకు డ్రిప్పు వేయించి, డబ్బు చాలక దక్షిణపు చెక్కకు బోరు నీళ్లు సాళ్లలోనే పారించాను. నెల రోజుల పైరుకు ఉత్తరాన యూరియాను నీళ్లలో కరిగించి డ్రిప్పుతో ఇచ్చాను. దక్షిణాన మాత్రం, కూలీలు దొరకని రోజు కావడం వల్ల, ఎకరానికి బస్తా చొప్పున చేనంతా చల్లి వెంటనే తడి పెట్టాను.

ఆ తరువాత పది రోజులు అమ్మతో ఒంగోలు ఆసుపత్రి చుట్టూ తిరిగి, చేను ముఖం చూడలేదు. తిరిగి వచ్చి కాలిబాట మీద నిలబడగానే గుండె ఝల్లుమంది. ఉత్తరాన సాళ్ల నడుమ నేల పొడిగా, నల్లగా కనిపిస్తోంది. దక్షిణాన గలిజేరు కలుపు చాప పరిచినట్లు అల్లుకొని, దాని మీదుగా తోటకూర మోకాలెత్తున లేచి, పత్తి మొక్కలు వెతికితే గాని కనిపించలేదు. కలుపు తీయడానికి వచ్చిన పెద్దామె కొంగు బిగించుకుంటూ, “అబ్బాయా, ఎరువు పత్తికేశావా, గలిజేరుకేశావా?” అని అడిగింది. శ్రీనివాసూ, నా దగ్గర జవాబు లేదు.

రాత్రంతా అదే ఆలోచించాను. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. చేనంతా చల్లితే అందులో ఎక్కువ భాగం పడేది సాళ్ల నడుమనే, అక్కడ ఆ వయసు పత్తికి వేళ్లు ఇంకా చాలినంత పాకవు. గలిజేరు, తోటకూర గింజలు చిన్నవి కాబట్టి పైపై మట్టిలోనే మొలుస్తాయి. పై అంగుళం తడిగా ఉంటే చాలు, ఎరువు ముందుగా వాటికే అందుతుంది. విత్తిన మర్నాడు కలుపు గింజ మొలవకుండా ఆపే మందు పెండిమిథాలిన్ కొట్టావు గదా అంటావేమో. మెరక వైపు నేల అప్పటికే ఆరిపోయింది, తడి లేని మట్టిలో ఆ మందు సరిగా పనిచేయదు. పల్లపు మూల కథ వేరు: అక్కడ నీళ్లు నిలిచి, వేళ్లకు గాలి ఆడక పత్తి పాలిపోతే, తుంగ మాత్రం హాయిగా ఉంది. దానికి గడ్డలున్నాయి, పెండిమిథాలిన్ దాన్ని ఏమీ చేయలేదు.

నిరుడు పెంట పోసిన చోటైతే అడుగు పెట్టే సందు లేదు. సరిగా మాగని పెంటలో గింజలు చావవు. పశువు తిన్న గడ్డి గింజ మళ్లీ మన చేతిలోంచే చేనుకు చేరింది.

డ్రిప్పు చెక్కకూ కలుపు లేదని కాదు. నీటి చుక్క పడే చోట, మొక్క మొదట్లోనే, గుంటక అందని చోట పచ్చగా మొలిచింది, చేత్తో తీయక తప్పలేదు. అయినా అక్కడ ఆరుగురితో ఒక పూటలో పని ముగిస్తే, దక్షిణాన పంతొమ్మిది మందికి రోజంతా పట్టింది. నన్ను బాధిస్తున్నది కూలి డబ్బు ఒక్కటే కాదు. పైరు గిడసబారిందని మా పక్క చేలవాళ్లు కలుపు తీయకుండానే మరో బస్తా చల్లుతున్నారు, పోయినేడు నేనూ అదే చేశాను. ఆ ఎరువు ఎవరి పాలవుతుందో ఇప్పుడు కళ్లారా చూశాను.

అరవయ్యో రోజు మోతాదుకు ముందు కలుపు తీయించి, మొక్కకు నాలుగంగుళాల దూరంలో గుంట పొడిచి, ఎరువు వేసి మట్టి కప్పిస్తాను. తడి కూడా సాలు విడిచి సాలుకే. అక్టోబరు వానలు మొదలైతే ఈ లెక్క ఎంతవరకు నిలుస్తుందో, పల్లపు మూలకు కాలువ తీయాలా అని నిన్ను అడగాలనుకున్నాను, ఇంకా ఆ…

త్రీ ఫేజు కరెంటు వచ్చింది, మోటారు వేయాలి. ఉంటాను.

నీ
వెంకటేశ్వర్లు