మా నాన్న డబ్బులు పోకుండా ఆపినోళ్లందరికీ థాంక్స్

మొన్న నెల్లూరు వేదాయపాళెంలో ఒక ఇంటి ఫోటోలు పెట్టి ఈ ఇల్లు ఎవరికన్నా తెలుసా అని అడిగాను గదా, సాయం చేసిన అందరికీ చాలా చాలా థాంక్స్. పేర్లు రాస్తానంటే వద్దన్నారు, అందుకే పేర్లు లేకుండానే రాస్తన్నా.

తెలీనోళ్లకి సంగతేందంటే, నాన్నకి రిటైర్మెంట్ డబ్బులొచ్చినాయి, నెల్లూరులో ఇల్లు చూస్తన్నాం, ఆన్‌లైన్‌లో యాడ్ కనపడింది, 200 గజాలు, రేటు చుట్టుపక్కల కంటే బాగా తక్కువ. ఓనర్‌ననే ఆయన దుబాయ్‌లో ఉన్నానంటాడు, ఆధార్ ఫోటో పంపిచ్చాడు, డాక్యుమెంట్ మొదటి పేజీ కూడా పంపిచ్చాడు, ఇంకో పార్టీ సాయంత్రానికి అడ్వాన్స్ వేస్తన్నారు, మీకు కావాలంటే 50 వేలు టోకెన్ ఇప్పుడే కొట్టండి, డబ్బు పడినాక తాళాలు ఇప్పిస్తా అంటాడు. (200 గజాలంటే మన నెల్లూరోళ్లు స్థలం కొలిచే లెక్కలో 25 అంకణాలు, నెల్లూరులో ఇల్లున్నాయన ఒక్కసారి కూడా అంకణం అనలేదు చూడండి.) నాన్నేమో మంచి బేరం పోతదేమో అని ఒకటే హడావిడి.

ముందు థాంక్స్ చెప్పాల్సింది రిజిస్ట్రేషన్ ఆఫీస్ దగ్గరుండే డాక్యుమెంట్ రైటర్ అన్నకి. ఆ పేజీ మీదున్న డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్ పేరు పట్టుకుని ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తనఖాలు చూపిచ్చే కాగితం) తీసి చూపిచ్చాడు. డాక్యుమెంట్ నిజమైందే! కానీ ఆ తర్వాత ఆ ఇల్లు కూతురి పేరు మీదికి గిఫ్ట్ డీడ్ అయిపోయింది, దాని మీద బ్యాంకు తనఖా కూడా ఉంది. అంటే పాత కాగితం ఎక్కడో సంపాదిచ్చి మాకు చూపిస్తన్నాడన్నమాట. ఈసీలో రిజిస్టర్ అయినవే కనపడతాయి, నోటి మాట అగ్రిమెంట్లు, రిజిస్టర్ కాని వీలునామాలు కనపడవు, కాబట్టి ఈసీ బాగుందని కళ్లు మూసుకోవద్దు, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు అంతకు ముందు ఎవరెవరి చేతులు మారిందో చెప్పే పాత కాగితాలు) అన్నీ ఒరిజినల్స్‌లో చూడాలి, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని ఆస్తుల లిస్టు) సర్వే నంబరు ఉందేమో కూడా చూడాలి అని ఓపిగ్గా చెప్పాడు. ఫీజు ఇవ్వబోతే ఇల్లు కొన్నప్పుడు ఇద్దురులే అన్నాడు.

రెండోది, బండేసుకుని ఆ వీధికి పోయొచ్చిన మా క్లాస్‌మేట్‌కి. వాడు పోతే అసలు ఓనరమ్మే తలుపు తీసింది, ఇల్లు అమ్మకానికే లేదంట, ఆ ఫోటోలు వాళ్లు అద్దెకి ఇద్దామని ఎప్పుడో పెట్టినవంట! ఆమె పాపం భయపడిపోయింది. అయినా వాడికి కాఫీ ఇచ్చి, నాన్నతో ఫోన్లో మాట్లాడింది. నాన్న మా మాట వినలా గానీ ఆమె మాట విన్నాడు. అమ్మా, మీకు దండాలు.

ఇంకా బ్యాంకులో చేసే మా పిన్ని. ఆ దుబాయ్ ఆయన పంపిన క్యూఆర్ స్కాన్ చేస్తే ఆధార్‌లో పేరు ఒకటి, యాప్‌లో వచ్చే పేరు ఇంకోటి, అది గమనిచ్చింది పిన్నే. డబ్బులు పోయుంటే ఎమ్మటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ, మనకి పోలా కాబట్టి కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీ సైట్‌లో చక్షు అని మోసం ఫోన్లు, మెసేజ్‌ల గురించి చెప్పే చోట ఆ నంబరు రిపోర్ట్ చెయ్యమంది, చేశాం.

ఫ్లాట్ చూసేవాళ్లకి ఇంకో మాట, ఇది కూడా డాక్యుమెంట్ రైటర్ అన్నే చెప్పాడు. రెరా (బిల్డర్ల ఇళ్ల ప్రాజెక్టుల మీద ఉండే చట్టం) కిందికొచ్చే ప్రాజెక్ట్ అయితే రిజిస్టర్ అగ్రిమెంట్ రాయకుండా బిల్డరు 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. రెరా నంబరు బ్రోచర్‌లో చూసి వదిలెయ్యకుండా ఏపీ రెరా సైట్‌లో కొట్టి చూసుకోండి.

మాకు ఇల్లు ఇంకా దొరకలా. బాలాజీ నగర్, మాగుంట లేఔట్, వేదాయపాళెం సైడు ఓనరే ఉండి చూపిచ్చే ఇల్లు ఏదన్నా ఉంటే చెప్పండి, నాన్న ఇప్పుడు ఈసీ లేకుండా ఇంటి గేటు కూడా తాకనంటన్నాడు.