శనివారం లహ్‌బాబ్ ఎడారి ప్రయాణం

అందరికీ నమస్కారం. శనివారం మధ్యాహ్నం 2 గంటలకు దుబాయ్‌లోని కరామా నుంచి బస్సు బయలుదేరుతుంది. హత్తా రోడ్డు మీదుగా లహ్‌బాబ్ ఎర్ర ఇసుక దిబ్బలకు వెళ్తాం. "లిఫ్టులో ఉన్నాం, వచ్చేస్తున్నాం" అన్నవారి కోసం ఈసారి ఆగేది లేదు!

ముందు క్వాడ్ బైక్, అంటే ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి. యాక్సిలరేటర్ కుడి బొటనవేలితో నొక్కాలి. మన మోటారు సైకిల్ అలవాటుతో పిడి మెలితిప్పితే బండి కదలదు. దిబ్బను ఏటవాలుగా ఎక్కితే పల్టీ కొడుతుంది, నేరుగానే ఎక్కండి. పైకి చేరగానే నెమ్మదించండి, అవతలివైపు ఏముందో కనబడదు. చీరలు, చున్నీలు వద్దు, చక్రంలో చుట్టుకుంటాయి.

పొద్దుగుంకే వేళకు ఒంటె సవారీ. ఒంటె వెనక కాళ్లు ముందు లేపుతుంది. ఒక్కసారిగా ముందుకు తూలుతారు, కాబట్టి వెనక్కి వాలి పిడి గట్టిగా పట్టుకోండి. అది కూర్చునేటప్పుడూ అంతే. నిరుడు నా కళ్లజోడు అక్కడే పోయింది.

నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు ఈ రెండూ ఎక్కవద్దు, డేరాలో కబుర్లు చెప్పుకుందాం.

పేర్లు, పిల్లల వయసు బుధవారం రాత్రిలోగా ఇక్కడే రాయండి. చీకటి పడితే చలి, స్వెట్టర్లు మరవకండి. పులిహోర నేను తెస్తాను. పెరుగన్నం ఎవరు తెస్తారు?