మూసేసిన టికెట్‌ను మళ్లీ తెరవమని ఫిర్యాదు

పటమట,
విజయవాడ.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పైలట్ హెడ్‌సెట్ వారంటీ రిపేరు, మీవాళ్ల నిర్లక్ష్యం గురించి.

అయ్యా,

నిన్న సాయంత్రం మీ నుంచి మెసేజ్ వచ్చింది. "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని. పరిష్కరించిన మహానుభావుడెవరో చెబితే శాలువా కప్పి వస్తాను. హెడ్‌సెట్ మాత్రం మీ పికప్ కుర్రాడి కోసం అట్టపెట్టెలో మా హాల్లోనే ఉంది.

సరుకు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా అమ్మాయి కమర్షియల్ పైలట్ లైసెన్స్ శిక్షణలో ఉంది. మీ వెబ్‌సైట్‌లో కొన్న హెడ్‌సెట్‌లో ఎడమ చెవి వైపు ఇంజన్ హోరు తగ్గడం లేదు. కొత్త బ్యాటరీలు వేసి చూశారు. అదే జాక్‌లో ఇన్‌స్ట్రక్టర్ గారి హెడ్‌సెట్ పెడితే అది బ్రహ్మాండంగా పనిచేసింది. తక్కిన వివరాలు మీ బ్రోచర్‌లోనే ఉన్నాయి, చదువుకోండి.

కొనేముందు మీ సేల్స్ అబ్బాయికి ఎంత శ్రద్ధండీ! అమ్మాయి కళ్లజోడు పెట్టుకుంటుందా అని అడిగాడు. కళ్లజోడు కాడల దగ్గర చెవి మెత్తకు సందు పడుతుందట, మామూలు హెడ్‌సెట్ అయితే అక్కణ్నుంచే మోత చొరబడుతుందట. శిక్షణ విమానాలకు రెండు ప్లగ్గులది కావాలి, హెలికాప్టర్‌ది ఒక్కటే ప్లగ్గు, చూసి ఆర్డర్ పెట్టండి అన్నాడు. "ఏ డౌట్ వచ్చినా అర్ధరాత్రయినా ఫోన్ చేయండమ్మా" అని కూడా అన్నాడు. డబ్బు కట్టాక ఆ నంబరు పట్టపగలు కూడా ఎత్తడం లేదు.

సరే, కస్టమర్ కేర్‌కు చేశాను. మొదట ఎత్తినమ్మాయి "ఏ ఫోన్‌కు కనెక్ట్ చేశారు?" అంది. ఫోన్‌కు కాదమ్మా, విమానానికి అన్నాను. కాసేపు పాట వినిపించి, "ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేసి చూడండి మేడమ్" అంది.

మరోసారి ఇంకో అబ్బాయి. "హెడ్‌సెట్ వాడే సార్‌కు ఫోన్ ఇవ్వండి" అన్నాడు. ఏ సార్? "అదే మేడమ్, విమానం నడిపే సార్." నడిపేది మా అమ్మాయి బాబూ అన్నాను. "అయితే ఇంట్లో ఇంకెవరైనా సార్ ఉన్నారా?" అన్నాడు. ఈ కాల్ రికార్డ్ అవుతుందని మొదట్లోనే చెప్పారు కదా, తీసి వినండి.

తర్వాతి ఆయన సీనియరట. మాటలు వినిపిస్తున్నాయా అన్నాడు. వినిపిస్తున్నాయన్నాను. "అయితే పనిచేస్తున్నట్టే కదా!" మోత తగ్గించే భాగం ఆగిపోయినా పైలట్‌కు విమానాశ్రయం కంట్రోల్ టవర్ మాట తెగకూడదని దాన్ని అలాగే తయారుచేస్తారు. మీ సరుకు గురించి మీకు నేను చెప్పాల్సి వచ్చింది. చెవి మీది కప్పు లోపలి చిన్న మైకు హోరును పట్టుకుంటుందనీ, దానికి ఎదురు ధ్వని పుట్టించి అణచేస్తుందనీ ఓపిగ్గా వివరించాను. అంతా విని, "వాల్యూమ్ తగ్గించి చూశారా?" అన్నాడు.

ఏలూరు రోడ్డులో మీ సర్వీస్ సెంటర్ ఉందంటే ఆటో కట్టించుకుని వెళ్లాను. అక్కడి కుర్రాడు టీవీ విప్పుకుని కూర్చున్నాడు. హెడ్‌సెట్‌ను అటూ ఇటూ తిప్పి, "కాల్ సెంటర్ వాళ్లదా ఆంటీ?" అన్నాడు. మీ లిస్టులో తన షాపు ఉన్న సంగతి అతనికే తెలియదు. పాపం, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. మీ కంపెనీ తరఫున నాకు అందిన సేవ అదొక్కటే. ఇక పికప్ రోజున "డోర్ లాక్" అని మెసేజ్ పెట్టారు. ఆ టైముకు నేను గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

అమ్మాయి మొదటి హెడ్‌సెట్ కూడా మీదే. బ్యాచ్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మీ పేరు చెప్పి కొనిపించింది నేనే. ఇప్పుడు వాళ్లే "ఏమైందండీ మీ కంపెనీ?" అని అడుగుతున్నారు. నా కంపెనీ అయిపోయింది చూడండి!

లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ప్రతి గంటా డబ్బే. అవి ఇప్పుడు స్కూలు వాళ్ల పాత హెడ్‌సెట్‌తో గడుస్తున్నాయి. టవర్ చెప్పిన రన్‌వే నంబరు, ఎత్తు తిరిగి అప్పజెప్పాలి, అంకె తప్పు వినకూడదు. ఇక్కడ నాకు టెన్షన్, అక్కడ మీకు టికెట్ క్లోజ్.

హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని మీ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. మీ వెబ్‌సైట్‌లో ఆ అధికారి పేరే లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం ఎలాగూ ఉంది. వాయిదాలకు తిరిగే ఓపిక, తీరిక రెండూ ఉన్నాయి నాకు.

కొత్తది పంపుతారో, బాగుచేస్తారో, డబ్బు వెనక్కిస్తారో తర్వాత మాట్లాడుకుందాం. ముందు పైలట్ హెడ్‌సెట్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒకరు సోమవారంలోగా నాకు ఫోన్ చేయాలి. పికప్ కుర్రాణ్ని పంపితే మూడో అంతస్తు అని చెప్పండి, లిఫ్ట్ పనిచేస్తోంది. దయచేసి ఇంకో టికెట్ నంబరు మాత్రం పంపకండి.

ఇట్లు,
పైలట్ ట్రెయినీ తల్లి