వంశధార ఇవతలి నుంచి

శ్రీకాకుళం

ప్రియమైన సూర్యం,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. తుపాను వచ్చినా, వరద వచ్చినా ఏ ప్రభుత్వ సేవలు ఆగకూడదో, ఆగితే ఎలా నడపాలో ముందుగా రాసిపెట్టే పని ఒకటి నాకు అప్పగించారు. సేవల కొనసాగింపు ప్రణాళిక అంటారు దీన్ని. అన్నం తింటున్నా అదే ధ్యాస.

పాత ప్రణాళిక తీసి చూశాను. దస్త్రాల నకళ్లు ఎక్కడ దాచాలి, కంప్యూటర్లు ఏ గదికి మార్చాలి, అన్నీ ఉన్నాయి. కానీ ఉద్యోగులందరూ మామూలుగా పదిన్నరకు వచ్చి కూర్చుంటారన్న నమ్మకంతో రాశారు! 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఆ ప్రాంతంలోనే పనిచేశాను కదా. మా వాళ్ల ఇళ్ల కప్పులే లేచిపోయాయి. దారి పొడవునా కొబ్బరిచెట్లు కూలి ఉన్నాయి, ఫోన్లు పలకలేదు. ఆ రోజు కార్యాలయానికి చేరింది ముగ్గురం. జనరేటర్ ఉంది, డీజిల్ ఉంది, ఆ గది తాళంచెవి ఉన్న మనిషి మాత్రం మందసలో చిక్కుకుపోయాడు. సాయంత్రం దాకా చీకట్లోనే కూర్చున్నాం. ఆ చీకటి నేను మరిచిపోలేదు.

అందుకే ఈసారి దస్త్రాలతో కాక, రోగులతో మొదలుపెట్టాను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ మీద, అంటే యంత్రంతో రక్తం శుద్ధి చేయించుకుంటూ, బతుకుతున్నవాళ్లు ఎందరో నీకు తెలుసు. రెండు మూడు రోజులకోసారి అది జరగాలి. తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఒక డాక్టరు గారి దగ్గర కూర్చుని లెక్క వేశాను. యంత్రంలో శుద్ధి చేసిన నీటితో తయారయ్యే ద్రవం నిమిషానికి అర లీటరు పారుతుంది. నాలుగు గంటలకు ఒక్క మనిషికే 120 లీటర్లు. నీటిని శుద్ధి చేసేటప్పుడు వృథా అయ్యేది అదనం. కరెంటు లేకపోతే బోరు నడవదు, కాబట్టి జనరేటర్‌ను యంత్రాలకే కాదు, బోరుకు కూడా కలపాలి. ఈ ఒక్క వాక్యం పాత ప్రణాళికలో ఎక్కడా లేదు, సూర్యం!

ఆ తర్వాత ప్రతి సేవనూ ఒకే ప్రశ్న అడిగాను: ఇది ఎన్నాళ్లు ఆగితే ప్రాణం మీదికి వస్తుంది? భూమి పేరు మార్పిడి నెల ఆగినా కొంప మునగదు. రేషన్ బియ్యం ఆగకూడదు. సిగ్నల్ లేక వేలిముద్ర యంత్రం పనిచేయకపోతే, రిజిస్టర్లో సంతకం చేయించుకుని ఇవ్వమని ఎవరు ఆదేశించాలో ముందే తేలాలి. మా విభాగమే ముందంటూ ప్రతివాళ్లూ పట్టుబట్టారు. రెండు రోజులు వాదించి, అందరినీ ఒప్పించాను.

ఇక మనుషుల సంగతి. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు రాస్తున్నాను. ఆ ఇద్దరి ఇళ్లూ వంశధారకు ఒకే ఒడ్డున ఉండకూడదని నియమం పెట్టాను. నది పొంగి వంతెన మూసేస్తే ఎవరో ఒకరైనా ఇవతల మిగలాలి కదా. వచ్చే నెల ఒక రోజు ప్రతి పనిలోనూ మొదటి పేరున్నవాళ్లకు సెలవిచ్చి, రెండోవాళ్ల చేత పని నడిపించి చూస్తాం.

2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. మీ కార్యాలయంలో మొదట ఏ పని మొదలుపెట్టగలిగారు, దేనికి అడ్డం పడింది, గుర్తున్నంత వరకు వివరంగా రాయి. ఈ నెలాఖరులోగా అందితే ప్రణాళికలో చేరుస్తాను. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
రామం