ముందు చిరునామా చదవడం నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

కొత్తగా ఇంటర్నెట్ వాడేవాళ్లకు చాలామంది ‘ఇక్కడ నొక్కు, తర్వాత అక్కడ నొక్కు’ అని నేర్పుతున్నారు. యాప్ అప్‌డేట్ అయి బటన్ చోటు మారగానే ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. వెబ్ చిరునామా రాసే పద్ధతి మాత్రం మారదు. మొదట నేర్పాల్సింది దాన్ని చదవడమే.

బ్రౌజర్‌లో పైన కనిపించే చిరునామాలో మొదటి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. చివరి ‘డాట్ కామ్’, దాని ముందున్న పేరు కలిస్తేనే సైటు ఎవరిదో తెలుస్తుంది. బ్యాంకు పేరు, చుక్క, ఇంకేదో పేరు, చుక్క, కామ్ అని ఉంటే ఆ సైటు ఆ ఇంకేదో పేరువాళ్లది, బ్యాంకుది కాదు. చివర ‘డాట్ కో డాట్ ఇన్’ లాంటిది ఉంటే ఒక ముక్క ఎక్కువ చూడాలి. కొన్ని బ్రౌజర్లలో చిరునామా పక్కన కనిపించే తాళం బొమ్మను నమ్ముకుంటే చాలదు. దారిలో మన సమాచారాన్ని ఎవరూ చదవలేరని మాత్రమే దానర్థం, అది మోసగాళ్ల సైట్లకూ ఉంటుంది. చిరునామా బదులు మాటలు టైపు చేస్తే వచ్చేది వెతుకులాట ఫలితాలు. వాటిలో పైన ఉండేవి చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించిన ప్రకటనలే.

ఈమెయిల్ చిరునామాలో ఖాళీ ఉండకూడదు. ఒక్క అక్షరం తప్పినా ఉత్తరం వేరేవాళ్లకు పోతుంది, లేదా ‘మెయిలర్ డెమన్’ పేరుతో తిరుగు సందేశం వస్తుంది. దాన్ని చెత్త అనుకుని తీసేస్తుంటారు. నిజానికి ఉత్తరం ఎందుకు చేరలేదో అందులోనే రాసి ఉంటుంది. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ల పరిమితి 25 ఎంబీ. కానీ పంపేటప్పుడు ఫైలు అక్షరాల రూపంలోకి మారి సుమారు మూడో వంతు పెరుగుతుంది. అవతలివాళ్ల మెయిల్ అందుకునే కంప్యూటర్ (సర్వర్) పరిమితి తక్కువైతే 20 ఎంబీ ఫైలు కూడా వెనక్కి రావచ్చు. ఎదురుచూస్తున్న ఉత్తరం కనబడకపోతే స్పామ్ ఫోల్డర్ చూడండి, 30 రోజులు దాటితే అక్కడి నుంచీ చెరిగిపోతుంది.

అన్నిటికన్నా బాధ కలిగించేది ఖాతా పోగొట్టుకోవడం. పిల్లలు తమ నంబరుతో పెద్దవాళ్ల ఖాతా తెరుస్తారు, పాస్‌వర్డ్ ఫోనే గుర్తుపెట్టుకుంటుంది. ఫోన్ మార్చిన రోజు ఓటీపీ ఇంకెవరికో వెళ్తుంది. ఖాతాను తిరిగి తెరవడానికి ఇచ్చే ఫోన్ నంబరు, అంటే రికవరీ నంబరు, ఖాతాదారుదే ఉండాలి. పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలుండాలి, ఇంట్లో భద్రంగా దాచుకునే పుస్తకంలో రాసుకున్నా తప్పులేదు. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల ధృవీకరణ పెట్టుకుంటే ఫోన్ దగ్గర లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. వాటినీ అదే పుస్తకంలో రాయండి.

పత్రికకు ఒక విన్నపం. వెబ్ చిరునామాను అచ్చువేసేటప్పుడు లైను చివర హైఫన్ పెట్టి విరవకండి, వాక్యం ముగిసిందని చివర చుక్క పెట్టకండి. కొత్తవాళ్లు వాటినీ టైపు చేస్తారు, పేజీ తెరుచుకోదు.