వేసవి ఇంటర్న్‌షిప్‌కూ మెస్ ఛార్జీలు ఇవ్వండి: విద్యా మంత్రి గారికి బహిరంగ లేఖ

శ్రీ నారా లోకేశ్ గారికి,
మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.

విషయం: డిగ్రీ విద్యార్థుల వేసవి ఇంటర్న్‌షిప్ కాలానికి మెస్ ఛార్జీలు, హాస్టల్ వసతి కోరుతూ.

మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. నాలుగో సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే మా పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళాలి. ఇది ఇష్టముంటే చేసేది, లేకపోతే మానేసేది కాదు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం. లాగ్‌బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి, వైవాకు కూర్చోవాలి. అవి పూర్తి కాకపోతే పట్టా చేతికి రాదు. ఇంజనీరింగ్ పిల్లలకూ 2020లో వచ్చిన ఆర్20 సిలబస్‌తో వేసవి ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయి.

వేసవి కూడా చదువులో భాగమే అని ప్రభుత్వమే చెప్పినప్పుడు, చదువుకు ఇచ్చే సాయం పరీక్షల దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? ఈ లేఖలో నేను అడిగేది ఇదొక్కటే.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుతో పెద్ద ఇబ్బంది లేదు. సొంత ఊళ్ళోనే ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తారు, అమ్మ వండింది తిని ఇంట్లోనే పడుకుంటారు. అసలు కష్టమంతా రెండో ఏడాది వేసవిదే. బీకాం విద్యార్థి నేర్చుకోవాల్సిన పని పల్లెలో ఎక్కడుంది? ఆడిటర్ ఆఫీసులో, బ్యాంకులో, హోల్‌సేల్ షాపు లెక్కల గదిలో ఉంది. అవన్నీ టౌన్లో ఉంటాయి. కనిగిరి వైపు నుంచి ఒంగోలుకు రోజూ బస్సులో వెళ్ళి రావడమంటే ఎండాకాలంలో ఒళ్ళు హూనం. ఆడపిల్లలకు స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం వల్ల టికెట్ ఖర్చయినా తప్పింది, మగపిల్లలకు అదీ లేదు. అక్కడే ఉందామంటే, పరీక్షలై సెలవులు ఇవ్వగానే హాస్టల్‌కు తాళం పడుతుంది. గది అద్దెలో వాటా, తిండి, పెట్రోలో బస్సో కలుపుకుంటే నెలకు ఆరేడు వేలు. ఎక్కడి నుంచి తెస్తారు?

మా విద్యార్థి ఒకడు ఒంగోలులో ఒక ఆడిటర్ గారి దగ్గర చేరాడు. మధ్యాహ్నం, రాత్రి అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయల భోజనం, పడక స్నేహితుడి అన్న గదిలో చాప మీద. ఆ క్యాంటీన్లను 2024 ఆగస్టులో మీ ప్రభుత్వం మళ్ళీ తెరవకపోతే వాడు నెల తిరక్కుండానే వెనక్కి వచ్చేసేవాడు. కాని అక్కడ ఏం నేర్చుకున్నాడో వాడి లాగ్‌బుక్‌లో చూశాను. షాపుల అమ్మకాల బిల్లులు ఎక్కించి 11వ తేదీ లోపు అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 ఎలా వేయాలి, కొనుగోలు బిల్లును అమ్మినవాళ్ళ రిటర్న్‌ల నుంచి తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీ పట్టికతో పోల్చి చూసి ఏ వ్యాపారి తన రిటర్న్ వేయలేదో ఎలా పట్టుకోవాలి, అన్నీ రోజువారీగా రాసుకున్నాడు. రెండేళ్ళు నేను బోర్డు మీద చెప్పినది వాడికి అక్కడ చేతికి వచ్చింది. ఈ విధానం మంచిదని నేను గట్టిగా నమ్మడానికి ఇలాంటి లాగ్‌బుక్కులే కారణం.

ఇంకో ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు. మా పిల్లల్లో చాలామందికి ఎండాకాలం సంపాదించుకునే కాలం. ఉపాధి హామీ పనికి పోతారు, మామిడి తోటల్లో కాయలు కోస్తారు, పెళ్ళిళ్ళ సీజన్లో కేటరింగ్ వాళ్ళతో వెళ్తారు. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ముప్పై రోజులు పని దొరికినా తొమ్మిది వేలు దాటుతుంది. ఆ డబ్బుతోనే వచ్చే ఏడాది పరీక్ష ఫీజు, పుస్తకాలు, చెల్లెలి బట్టలు. ఇంటర్న్‌షిప్‌కు వెళ్తే ఆ తొమ్మిది వేలు పోయి, పైగా చేతి నుంచి పన్నెండు పద్నాలుగు వేలు పడతాయి. కూలి పని చేసే తండ్రి అప్పుడు కొడుకుతో ఏమంటాడో మీరు ఊహించగలరు.

అందుకే అడ్డదారి పుట్టింది. వెయ్యో రెండు వేలో కడితే రెండు నెలల సర్టిఫికెట్ పంపేసే చోట్లున్నాయి. ఆ కాగితం తెచ్చిన పిల్లవాడిని వైవాలో నాలుగు ప్రశ్నలు అడిగితే తల దించుకుంటాడు. నాకు వాడి మీద కోపం రాదు. ఇంట్లో డబ్బున్న పిల్లలు విజయవాడ, హైదరాబాద్ వెళ్ళి పని నేర్చుకుని వస్తుంటే, లేనివాళ్ళు కాగితం కొనుక్కుని మిగిలిన రోజులు కూలికి పోతున్నారు. పేద పిల్లల కోసమే తెచ్చిన విధానం వాళ్ళకే దక్కకుండా పోవడం నేను ఏటా చూస్తున్నాను.

సాయం లెక్క ఎప్పటిదో కూడా చూడండి. వసతి ఖర్చు కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20 వేలు, రెండు విడతల్లో, అన్నది 2020 ఫిబ్రవరిలో మొదలైంది. ఇంటర్న్‌షిప్ నిబంధన ఆ తర్వాత వచ్చింది. నిబంధన మారినప్పుడు లెక్క మారలేదు. కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పాత మార్గదర్శకాల్లోనూ నిర్వహణ భత్యం పరీక్షలు పూర్తయ్యే నెల వరకే అని ఉండేది. పరీక్షతో ఏడాది చదువు ముగిసిపోయే రోజుల్లో రాసిన మాట అది. ఇంటర్న్‌షిప్ ఫైలు ఉన్నత విద్యాశాఖది, మెస్ ఛార్జీల ఫైలు సంక్షేమ శాఖలది. ఏ శాఖకూ వేసవి తనదని అనిపించకపోవడం వల్లే ఇన్నేళ్ళూ ఇది తెగలేదు. సాంఘిక సంక్షేమ మంత్రి డోలా శ్రీ బాలవీరాంజనేయ స్వామి గారితో, బీసీ, గిరిజన సంక్షేమ మంత్రులతో మీరు ఒకసారి కూర్చుంటే తెగుతుంది.

వేరే దారి ఏదైనా ఉందా అంటే, 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5 వేలు ఇస్తామన్నారు. కాని రెగ్యులర్‌గా కాలేజీలో చదివేవాళ్ళు దానికి అర్హులు కారని అప్పటి నిబంధన. అమెరికాలో పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు విషయంలో ఇదే పేచీ నడిచింది. వేసవి క్లాసులకు అదనపు సాయం ఇస్తూ వచ్చి, ఖర్చు ఎక్కువైందని 2011లో ఆపేశారు, మళ్ళీ 2017లో పునరుద్ధరించారు. ఇప్పుడు అక్కడ వేసవిలోనూ చదివే అర్హులైన విద్యార్థికి ఏడాది గ్రాంటులో ఒకటిన్నర రెట్ల వరకు అందుతుంది. అంత పెద్ద మొత్తాలు మేం అడగడం లేదు.

స్కాలర్‌షిప్‌కు అర్హులై, ఇంటర్న్‌షిప్ కోసం ఊరు వదిలి వెళ్ళే విద్యార్థికి నెలకు 4 వేల చొప్పున రెండు నెలలు ఇవ్వండి. సగం చేరేటప్పుడే పడాలి. ఖర్చయిపోయాక ఆరు నెలలకు వచ్చే డబ్బు వడ్డీ వ్యాపారికి పోతుంది తప్ప పిల్లవాడి కడుపులోకి పోదు. జిల్లా కేంద్రాల్లో మగపిల్లలకొకటి, ఆడపిల్లలకొకటి చొప్పున సంక్షేమ హాస్టళ్ళను మే, జూన్ నెలల్లో తెరిచి ఉంచండి. కాలేజీ ఇచ్చిన ఇంటర్న్‌షిప్ లెటర్ చూపిస్తే అక్కడ మంచం, భోజనం దొరకాలి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో డబ్బు కన్నా ఇదే ముందు. ఎక్కడ ఉంటుందో తెలియకుండా ఏ తల్లీ కూతుర్ని పంపదు.

డబ్బులిస్తే దొంగ లెటర్లు వస్తాయని అధికారులు అంటారు, నిజమే కూడా. ప్రతి విద్యార్థికీ ఇప్పటికే మా అధ్యాపకుల్లో ఒకరు మెంటర్‌గా ఉన్నారు. రెండో సగం విడుదలకు ముందు మెంటర్ పనిచేసే చోటికి వెళ్ళి చూసి సంతకం చేయాలని నిబంధన పెట్టండి. మా మీద పని పెరుగుతుంది, చేస్తాం.

ఇంటర్ కాలేజీల్లో 2025 జనవరిలో డొక్కా సీతమ్మ గారి పేరిట మధ్యాహ్న భోజనం మీరే ప్రారంభించారు. ఆ పిల్లలే ఆ తర్వాత నా క్లాసులో ఉంటారు, ఇంటర్న్‌షిప్‌కు బయల్దేరతారు. నాలుగో సెమిస్టర్ పరీక్షల టైంటేబుల్ వచ్చే లోపే జీవో ఇప్పించండి. పరీక్షలయ్యాక వస్తే ఈ బ్యాచ్‌కు అందదు.

ఇట్లు,
ప్రభుత్వ డిగ్రీ కళాశాల కామర్స్ అధ్యాపకురాలు