ఇంజన్ విప్పే చేతులకూ నిద్ర కావాలి

సంపాదకుల వారికి,

శంషాబాద్‌లో లీప్ అనే విమాన ఇంజన్ల సర్వీసింగ్ కేంద్రం గురించి వస్తున్న వార్తలన్నీ ఆసక్తిగా చదువుతున్నాను. ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్ సంస్థ కట్టిన ఈ కేంద్రాన్ని 2025 నవంబరు 26న ప్రధాని ప్రారంభించారు. తొలి పెట్టుబడి సుమారు రూ.1,300 కోట్లు. పూర్తి స్థాయికి చేరాక ఏడాదికి 300 ఇంజన్ల దాకా బాగుచేస్తారట. వెయ్యి మందికి పైగా టెక్నీషియన్లకు, ఇంజనీర్లకు పని దొరుకుతుందట. నా ఉద్యోగ జీవితమంతా విమాన ఇంజన్ల మధ్యే గడిచింది కాబట్టి ఈ వార్త నాకు పండగే. అయితే పెట్టుబడి గురించి, ఉద్యోగాల సంఖ్య గురించి ఇంత రాస్తున్నారు గానీ, ఆ ఉద్యోగాలు చేసేవాళ్ల డ్యూటీ గంటల గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

2025 డిసెంబరులో పైలట్ల కొత్త విశ్రాంతి నిబంధనలకు తగ్గట్టు ఏర్పాట్లు లేక వేల విమానాలు రద్దయ్యాయి. జనం ఎన్ని అవస్థలు పడ్డారో చూశాం. అలసిపోయిన పైలట్ విమానం నడపకూడదన్న సంగతి మాత్రం దానివల్ల ఇంటింటా చర్చకు వచ్చింది. మరి అదే విమానాన్ని రాత్రి రెండింటికి టార్చిలైటు వేసి పరీక్షించి, ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టే మెయింటెనెన్స్ ఇంజనీరు ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడు? ఆ ప్రశ్న అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

విమానం నేల మీద ఉంటే కంపెనీకి నష్టం. అందుకే పగలంతా తిప్పుతారు. చివరి సర్వీసు అర్ధరాత్రి దిగితే, తెల్లవారుజామునే మళ్లీ మొదటి సర్వీసు. మధ్యలో దొరికే నాలుగైదు గంటల్లోనే ఆయిల్ చూడాలి, ఆయిల్లో ఉండే చిన్న అయస్కాంతం లాంటి చిప్ డిటెక్టర్ తీసి దానికి ఇనుప రజను ఏమైనా అంటుకుందా అని చూడాలి, అవసరమైతే బోరోస్కోప్ అనే సన్నటి గొట్టం లాంటి కెమెరా దూర్చి లోపలి బ్లేడ్లను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. టర్బైన్ బ్లేడ్లను తాకే వాయువు ఎంత వేడిగా ఉంటుందంటే, ఆ బ్లేడును చేసిన లోహం అంత వేడికి కరిగిపోవాలి. బ్లేడులోని సన్నటి దారుల్లోంచి వచ్చే గాలే దాన్ని కాపాడుతుంది. వెంట్రుకంత పగులో, మూసుకుపోయిన ఒక చిన్న రంధ్రమో కంటపడాలంటే చూసేవాడి కళ్లు మూతలు పడకుండా ఉండాలి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదింటి దాకా శరీరం నిద్రే అడుగుతుంది. ఎంత అనుభవం ఉన్నవాడికైనా అంతే.

రాత్రి పనిలో చిన్న పొరపాటు జరిగితే ఏమవుతుందో చెప్పే ఘటనలు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. 1983 మే 5న అమెరికాలోని మయామీ నుంచి బహామాస్‌లోని నసావ్ వెళ్తున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానంలో మూడు ఇంజన్ల ఆయిలూ కారిపోయింది. ముందురోజు రాత్రి చిప్ డిటెక్టర్లు మార్చినవాళ్లు వాటికి ఉండాల్సిన ఓ-రింగులు వేయలేదు. ఓ-రింగు అంటే ప్రెషర్ కుక్కర్ మూతకుండే రబ్బరు రింగు లాంటిదే, కాకపోతే చాలా చిన్నది. స్టోర్ నుంచి వచ్చిన డిటెక్టర్లకు అవి ఎప్పటిలాగే తగిలించి ఉంటాయనుకుని చూడకుండా బిగించేశారు. మూడు ఇంజన్లూ ఆగిపోయి, ప్రయాణికులు లైఫ్ జాకెట్లు వేసుకుని సముద్రంలో దిగడానికి సిద్ధపడ్డారు. ముందుగా ఆపేసిన మధ్య ఇంజన్ మళ్లీ అందుకోవడంతో 172 మంది బతికిపోయారు.

ఇంకొకటి 1995 ఫిబ్రవరి 23న ఇంగ్లండ్‌లో జరిగింది. బ్రిటిష్ మిడ్‌లాండ్ బోయింగ్ 737కు రాత్రి షిఫ్టులో రెండు ఇంజన్లకూ బోరోస్కోప్ పరీక్ష చేశారు. ఆ రాత్రి మనుషులు తక్కువ. పని ఒకరు మొదలుపెట్టి నోటిమాటగా ఇంకొకరికి అప్పగించారు. ఆ రెండో మనిషికి మధ్యమధ్యలో వేరే పనులు తగులుతూనే ఉన్నాయి. చివరికి రెండు ఇంజన్లకూ తీసిన కవర్లు తిరిగి బిగించకుండానే విమానం ఎగిరింది. ఆయిల్ దాదాపు మొత్తం పోయింది. పైలట్లు వెంటనే గమనించి లూటన్‌లో దించారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ రెండు చోట్లా పనిచేసినవాళ్లు పని తెలిసినవాళ్లే. పొరపాటు ఒక ఇంజన్‌కే పరిమితమైతే రెండోది కాపాడుతుంది. అందుకే రెండు ఇంజన్లలోనూ ఒకే పనిని ఒకే మనిషి చేయకుండా చూడాలని, ముఖ్యమైన పనిని రెండో మనిషి తనిఖీ చేయాలని అంటారు. మంచి జాగ్రత్తలే. అయితే షిఫ్టులో ఆ రెండో మనిషి ఉండాలి కదా!

నేను పనిచేసిన ఒక సంస్థలో నైట్ షిఫ్టు అయ్యాక రిలీవర్ రాకపోతే 'ఈ ఒక్క ఫ్లైటు పంపించి వెళ్లండి' అనడం మామూలే. ఉదయం కౌంటర్ దగ్గర ప్రయాణికుల గొడవ, పైనుంచి ఫోన్లు, మరోపక్క కళ్లు మండుతుంటాయి. సంతకం పెట్టాక ఏదైనా జరిగితే లైసెన్సు పోయేది ఇంజనీరుదే. పెట్టనంటే పని చేతకానివాడన్న ముద్ర. ఇప్పుడు లైన్ మెయింటెనెన్స్‌లో, అంటే విమానాశ్రయంలోనే రోజువారీ తనిఖీలు చేసే పనిలో ఉన్న కుర్రాళ్లు చెప్పేది వింటే ఆ టెన్షన్ ఏమీ తగ్గలేదని అర్థమవుతోంది.

షిఫ్టులు వేసేటప్పుడు మనిషి శరీర పరిమితులను దృష్టిలో పెట్టుకోవాలన్న సూత్రం ఈ రంగంలో పాతదే. అంత మాట సరిపోదు. అమెరికాలో విమాన మెకానిక్‌లకు ఏడు రోజుల్లో ఒకసారి వరసగా 24 గంటల సెలవు, లేదా నెలలో దానికి సమానమైన సెలవు తప్పనిసరి. నా దృష్టిలో అదీ చాలదు. పైలట్లకున్నట్టే గంటల్లో లెక్క కట్టిన నియమం కావాలి: ఒక డ్యూటీ ఎంతసేపు, వరసగా ఎన్ని రాత్రులు, రెండు డ్యూటీల మధ్య విశ్రాంతి ఎంత అన్నది రాతలో ఉండాలి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చేసే ఆడిట్‌లో విడిభాగాల రికార్డులతో పాటు హాజరు పట్టీలనూ చూడాలి. అలసిపోయాను, సంతకం పెట్టలేనన్న ఇంజనీరు మీద చర్య తీసుకోకూడదని స్పష్టంగా రాయాలి.

ఖర్చు పెరుగుతుందని కంపెనీలు అంటాయి. పెరుగుతుంది, నిజమే. కానీ మనుషులు దొరకరన్న మాట మాత్రం ఒప్పుకోను. లక్షలు పోసి విమాన మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ (ఏఎంఈ) కోర్సు చదివి, చేతిలో పని లేక నా దగ్గరకు సలహా కోసం వచ్చే పిల్లలు ఉన్నారు. వాళ్లకు అసలు ఇంజన్ల మీద చేయి తిరిగేలా శిక్షణ ఇచ్చి షిఫ్టుల్లో వేసుకుంటే, ఉన్నవాళ్లకు నిద్ర, లేనివాళ్లకు ఉద్యోగం దొరుకుతాయి.

పౌర విమానయాన శాఖ ఇప్పుడు మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది. శంషాబాద్ కేంద్రం పూర్తి స్థాయికి చేరకముందే, భోగాపురం విమానాశ్రయంలో విమానాల రద్దీ పెరగకముందే ఈ నియమాన్ని తేవాలని ఆయన్ను కోరుతున్నాను. ముసాయిదా తయారుచేసేటప్పుడు కంపెనీల ప్రతినిధులతో పాటు రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తున్న ఇంజనీర్లనూ, టెక్నీషియన్లనూ పిలిచి వినాలి. మీ పత్రిక కూడా వాళ్లను కలిసి, పేర్లు బయటపెట్టకుండా వాళ్ల డ్యూటీ గంటలు ప్రచురించాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు,
హైదరాబాద్